ఏడు పొరల పురపాలన

మా పురపాలక సంఘం కాగితాన్ని నమ్ముకుని బతుకుతున్న సంస్థ అని ఎవరైనా అంటే నేను కాదనను. నేనూ అందులో సీనియర్ అసిస్టెంటునే. సర్క్యులర్లు రాయడం నా పని. కానీ ఆ కాగితాన్ని పువ్వులా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించి, పైన ఓ సీతాకోకచిలుకని కూర్చోబెట్టి ప్రజలకు పంపాలని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. తోచిన రోజు నేను అక్కడే ఉన్నాను.

ఆ రోజు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఏసుదాసు గారి పదవీ విరమణ సభ. మీటింగు హాల్లో శాలువాలు, పూలదండలు, మిరపకాయ బజ్జీలు. జనన మరణాల సెక్షన్లో పనిచేసే హైమవతి ఆయనకి తను చేసిన గ్రీటింగు కార్డు ఒకటి ఇచ్చింది. హైమవతి ఇంట్లో చేత్తో తిప్పే చిన్న మిషను ఉంది. రంగు అట్ట మీద ఇనప అచ్చు పెట్టి, మిషన్లోకి తోసి పిడి తిప్పితే ఆకో, పువ్వో, పిట్టో అంచు చెదరకుండా తెగి బయటికొస్తుంది. వాటిని కింద పెద్దది, పైన చిన్నది చొప్పున పొరలుగా అంటిస్తుంది. పొరకీ పొరకీ మధ్య చిన్న స్పాంజి ముక్క పెడుతుంది కాబట్టి పువ్వు అట్ట మీంచి లేచి నిలబడ్డట్టు ఉంటుంది. ఆదివారం వంటిల్లు సర్దుకున్నాక ఆ పిడి తిప్పుతూ కూర్చుంటే ఎవరు పిలిచినా తనకి వినపడదని చెప్పేది.

ఏసుదాసు గారి కార్డులో ఒక కాలవ, గట్టు మీద కొబ్బరిచెట్లు, నీళ్ళలో తామరలు, ఒంటికాలి మీద కొంగ. సర్వీసంతా మురుగుకాలవల వెంట తిరిగిన మనిషి చివరికి ఒక్క కాలవైనా శుభ్రంగా చూడాలని అలా చేశానంది.

ఆయన కార్డు తెరిచారు. కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. బజ్జీలో మిరపకాయ గింజలు తీయలేదని తరవాత ఆయనే నాతో అన్నారు. కానీ అప్పటికే కమిషనర్ వాగీశ్వరరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన అంతకు ముందు వారమే ఏదో కొండ ఊళ్ళో, 'పౌరులతో భావోద్వేగ అనుసంధానం' అనే శిక్షణకి వెళ్ళి వచ్చారు.

"గమనించారా?" అన్నారు సభవైపు తిరిగి. "ఇంతమంది వక్తలు మాట్లాడినా చలించని ఉద్యోగి పొరల ముందు చలించాడు. దీన్ని మనం సంస్థాగతం చెయ్యాలి."

మర్నాడు ఆయన చెబుతుంటే నేను సర్క్యులర్ రాశాను. 'ఈ కార్యాలయము నుండి పౌరులకు గాని, సిబ్బందికి గాని వెలువడు సమస్త పత్రములు ఇకమీదట పొరలతో కూడిన హస్తకృత శుభాకాంక్షా పత్రముల రూపముననే వెలువడవలెను. అట్టి పత్రమే అధికారిక రికార్డుగా పరిగణింపబడును.' దీనికి 'స్పర్శ' అని పేరు పెట్టారు.

హైమవతిని గదిలోకి పిలిచారు.

"సార్, అది నేను సరదాకి చేసుకునేదండి," అంది హైమవతి.

"ఇకనుంచి సరదా మీ విధుల్లో భాగం అమ్మా. దానికి హాజరు కూడా వేస్తాం."

సాయంత్రానికల్లా ఆమె ఇంట్లో మిషను ఆఫీసుకి వచ్చింది. దాని పక్కన తెల్ల పెయింటుతో 'పు.సం. ఆస్తి' అని రాశారు. పెయింటు ఆరేదాకా హైమవతి దానికేసి చూస్తూ నిలబడింది. పాత టైపు గది ముందు 'పొరల విభాగం' అని బోర్డు పెట్టి ఆమెని అందులో కూర్చోబెట్టారు.

మొదట వచ్చినవి జనన ధ్రువపత్రాలు. వాటితో పేచీ రాలేదు. ఉయ్యాల, గిలక్కాయ, పైన పేరు. తల్లిదండ్రులు ముచ్చటపడి ఇంకో కాపీ అడిగారు. చిక్కు మరణ ధ్రువపత్రం దగ్గర వచ్చింది. శుభాకాంక్షా పత్రంలో శుభాకాంక్షలు ఉండాలి కదా. ఆ మాట తీసేద్దామా అని హైమవతి అడిగితే కమిషనర్ గారు మీటింగు పెట్టారు.

"ఆ మాట తొలగిస్తే అది పత్రం అవుతుంది గానీ శుభాకాంక్షా పత్రం అవదు. సర్క్యులర్‌కి విరుద్ధం. మనం పౌరుడి దుఃఖాన్ని గౌరవిస్తూనే నిబంధనని కాపాడాలి."

చాలాసేపు చర్చించాక ఒక వాక్యం ఖాయం చేశారు. నాలుగు పొరల తెల్ల హంస కింద బంగారు అక్షరాలతో అది వెళ్ళింది. 'మీ నాన్నగారి మరణం విజయవంతంగా నమోదైనందుకు హార్దిక శుభాకాంక్షలు.' దాన్ని అందుకున్న పెద్దమనిషి కౌంటరు దగ్గర నిలబడి రెండుసార్లు చదివాడు. ఏమనాలో తెలియక "థాంక్సండి" అని వెళ్ళిపోయాడు. కృతజ్ఞతలు తెలిపిన పౌరుల లెక్కలో ఆయన్ని చేర్చుకున్నాం.

తరవాత పొరల అర్హత గొడవ మొదలైంది. ఇంతకు ముందు ఫైలు మీద సంతకాలు పెట్టినట్టు ఇప్పుడు ప్రతి సెక్షనూ కార్డు మీద తన పొర అంటించాలి. ఎవరికెన్ని పొరలు అన్నది ప్రశ్న. మునిసిపల్ ఇంజినీరు ధర్మారావు గారు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తరవాత నేరుగా కమిషనర్ గారి గదిలోకి వచ్చేశారు.

"టౌన్ ప్లానింగుకి అయిదు పొరలిచ్చి ఇంజినీరింగుకి నాలుగిస్తే రేపు సైట్లో నా మాట ఎవడు వింటాడండీ? వాళ్ళు గీసేది గీతండి. నేను కట్టేది గోడండి. గోడ కన్నా గీత మందం ఎలాగవుద్దండీ?"

చివరికి హోదాలవారీగా ఉత్తర్వు వెలువడింది. కమిషనర్ గారికి ఏడు పొరలు. ఇంజినీరుకి, టౌన్ ప్లానింగుకి సమానంగా అయిదేసి. నాకు ఒకటిన్నర. ఆ అర పొర ఎలా అంటించాలో తెలపమని ఆడిట్ వాళ్ళకి రాశాం. వాళ్ళ జవాబు ఇంకా రాలేదు. అందరి పొరలూ పడేసరికి కార్డు ఇటుకంత మందం అయ్యేది. మూస్తే మూసుకునేది కాదు. ఏ కవరులోనూ పట్టేది కాదు. ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకెళ్ళే మూడు చక్రాల బళ్ళలో రెండింటిని కడిగించి, కార్డులు పంచడానికి పంపాం. ఆ రెండు బళ్ళు తిరిగే వీధుల్లో చెత్త అలాగే ఉండిపోయింది. చెత్త ఎందుకు తీయలేదో వివరిస్తూ ఆ వీధుల వాళ్ళకి కార్డులు పంపాం.

ప్రజల్లో మాత్రం ఆదరణ బాగానే ఉంది. ముఖ్యంగా ఆక్రమణ నోటీసులకి. రోడ్డు మీదకి మెట్లు కట్టుకున్నవాళ్ళకి హైమవతి చేత ఒక కార్డు చేయించారు. తెరిస్తే లోపల్నుంచి రంగురంగుల పెంకుటిల్లు లేచి నిలబడుతుంది. మూస్తే మడుచుకుపోతుంది. చట్టం ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తోందని కమిషనర్ గారు సంతోషించారు. అది వచ్చినవాళ్ళు షోకేసులో పెట్టుకున్నారు. రానివాళ్ళు ఆఫీసుకి వచ్చారు.

"పక్కింటోళ్ళకి ఇచ్చారండి. మాకివ్వలేదండి. వాళ్ళకన్నా మేమే ముందుకొచ్చేం, కావాలంటే కొలుసుకోండి," అన్నాడొకాయన. మేము చూసీ చూడనట్టు ఊరుకుంటే మర్నాడు అరుగు ఇంకాస్త ముందుకి జరిపి వచ్చాడు. నెల తిరిగేసరికి మెయిన్ రోడ్డులో ఆర్టీసీ బస్సు పట్టే చోటు లేకుండా పోయింది. బస్సు ఊరి చివరే ఆగి జనాన్ని దింపేసి వెనక్కి వెళ్ళేది.

ఈ సంబరంలో సంతోషంగా లేనివాళ్ళు ఇద్దరే. ఒకరు హైమవతి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పిడి తిప్పీ తిప్పీ ఆమె బొటనవేలు బొబ్బలెక్కింది. తన కూతురి పుట్టినరోజుకి బజార్లో కార్డు కొన్నానని ఒకసారి నాతో అంది.

రెండో మనిషి రత్నమాణిక్యం గారు. పీచుమిల్లు వీధిలో ఆవిడకి చిన్న టిఫిన్ బండి ఉంది. ఇడ్లీ, మినపట్టు, బొంబాయి చట్నీ. ఆ వీధిలో మంచినీళ్ళ పైపు మురుగుకాలవ అడుగున పగిలింది. కొళాయి తిప్పితే టీ రంగు నీళ్ళు. ఆవిడ దూరంనించి బోరింగు నీళ్ళు మోయించుకుని పిండి రుబ్బుతోంది. అయినా ఆ వీధి పేరు వినగానే జనం వేరే బండి చూసుకుంటున్నారు. ఆవిడ ఫిర్యాదు ఇచ్చింది. జవాబుగా కార్డు వెళ్ళింది. మళ్ళీ ఇచ్చింది. అంతకన్నా మంచి కార్డు వెళ్ళింది.

మూడోసారి ఆవిడ కార్డులు సంచిలో వేసుకుని తిన్నగా పొరల విభాగానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నువ్వేనా అమ్మాయ్ ఇవి చేసేది?"

"అవునండి," అంది హైమవతి.

"బాగున్నాయమ్మా. నిజంగా చెప్తున్నాను, శానా బాగున్నాయి. ఇదిగో ఇందులో కొళాయి చూడు, ఎంత ముద్దుగా ఉందో. దాంట్లోంచి నీళ్ళు కూడా వస్తన్నాయి, నీలంగా. మా ఇంట్లో కొళాయికే ఆ భాగ్యం లేదు. ఈ కార్డులో నీళ్ళతో ఇడ్లీ పిండి రుబ్బుకోమంటావా, చెప్పు. రుబ్బుకుంటాను."

హైమవతి లేచింది. ఆవిడ్ని బల్ల మీద కూర్చోబెట్టి, "ఉండండి పిన్నిగారూ," అని నన్ను తీసుకుని ఇంజినీరింగు సెక్షనుకి వెళ్ళింది.

ధర్మారావు గారు ఓపిగ్గా వివరించారు. "రిపేరు చెయ్యమని ఫిట్టరుకి ఉత్తర్వు ఇవ్వాలమ్మా. ఉత్తర్వంటే కార్డే కదా. మరమ్మతు కార్డు మీద పానా బొమ్మ ఉండాలని మేమే తీర్మానించాం. పానా ఆకారంలో అచ్చు లేదు. టెండరు పిలిచాం. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలుస్తాం."

ఫిట్టరు వీర్రాజు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అతని చేతిలో మోచేతి పొడవు పానా ఉంది.

"పానా నా దగ్గరుందండి," అన్నాడు.

"అది కాదయ్యా. కాగితపు పానా."

"ఇదైతే పైపుకి పడుద్దండి."

"పైపుకి పడ్డం వేరు, ఫైలుకి పడ్డం వేరు. నువ్వెళ్ళి కూర్చో."

అతను వెళ్ళి కూర్చున్నాడు. అలా కూర్చోవడం అతనికి అప్పటికే చాలా రోజులుగా అలవాటైపోయింది.

సరిగ్గా ఆ సమయంలోనే ప్రాంతీయ డైరెక్టరు భానోజీ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. కమిషనర్ గారు అందర్నీ సమావేశపరిచారు.

"ఇంతటి అధికారి ఎండలో వీధులెంట నడిచి కాలవలు చూడటం ఈ సంస్థకి గౌరవం కాదు. పట్టణాన్నే ఆయన ముందుకి తేవాలి. మొత్తం పట్టణం ఒకే కార్డుగా ఉండాలి. వీధులు, పైపులు, దీపాలు, సమస్తం. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. చూడముచ్చటగానూ ఉండాలి."

గేటుకి బోర్డు వేలాడదీశాం. 'పట్టణ నిర్మాణ పనుల కారణంగా ప్రజల రాకపోకలు నిలిపివేయడమైనది.' మీటింగు హాల్లో కుర్చీలు తీసేసి, నేలంతా అట్టలు పరిచాం. ఆఫీసు ఆఫీసంతా మఠం వేసుకుని కత్తిరించడం మొదలెట్టింది. టౌన్ ప్లానింగు వాళ్ళు ఇళ్ళు, రెవెన్యూ వాళ్ళు కొబ్బరిచెట్లు. ధర్మారావు గారు నీలం అట్టని సన్నటి పట్టీలుగా కోసి మంచినీళ్ళ పైపులు వేశారు. మా ఊళ్ళో పైపులు అంత తిన్నగా పడటం అదే మొదటిసారి. గోదావరిని మాత్రం కమిషనర్ గారే స్వయంగా అంటించారు. ఏడు పొరలతో.

పీచుమిల్లు వీధి హైమవతి వంతుకి వచ్చింది. ఇళ్ళు పెట్టింది, చిన్న టిఫిన్ బండి పెట్టింది. బండి దగ్గర గోటంత కాగితపు మనిషిని నిలబెట్టింది. తరవాత చేతిలో కత్తెర పట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది. నేను పక్క వీధికి దీపాలు అంటిస్తూ చూస్తున్నాను. ఆమె వంగి, నీలం పట్టీని కాలవ దగ్గర టక్కున కత్తిరించింది. తెగిన చోట గోధుమరంగు అట్టముక్క ఒకటి, నీలంలోకి పాకుతున్నట్టు అంటించింది. ఆ కాగితపు మనిషి చేతిని పైకి మడిచి ముక్కు మీద పెట్టింది.

"అమ్మా హైమవతీ, ఏమిటది?" అన్నాను నెమ్మదిగా.

"ఉన్నది ఉన్నట్టు అన్నారు కదండి," అంది.

నేను మళ్ళీ దీపాలు అంటించుకోవడంలో పడ్డాను.

భానోజీ గారు వచ్చారు. చెప్పులు విప్పి, సన్నటి బెత్తం ఒకటి పట్టుకుని కార్డు అంచు వెంబడి నడుస్తూ పట్టణాన్ని తనిఖీ చేశారు. గోదావరి దగ్గర ఆగి, మెచ్చుకున్నారు. ఆక్రమణలు ఒక్కటీ కనపడలేదని సంతోషించారు. కాగితపు మెయిన్ రోడ్డులో నిజంగానే బస్సు పడుతుంది. అలా వస్తూ వస్తూ పీచుమిల్లు వీధి దగ్గర బెత్తం ఆగిపోయింది.

"ఇదేమిటి?"

ధర్మారావు గారు వంగి చూశారు. "డిజైనండి," అన్నారు.

"నీలం పట్టీ తెగి ఉంది. గోధుమరంగు అందులోకి వెళుతోంది. ఇక్కడెవరో ముక్కు మూసుకున్నారు. ఇది డిజైనా, లీకేజీయా?"

కమిషనర్ గారు కండువా సవరించుకున్నారు. లీకేజీ లేదంటే కార్డు తప్పు రికార్డు అవుతుంది. ఉందంటే లీకేజీ అవుతుంది. అంత ఇరుకులోంచి కూడా ఆయన హుందాగానే బయటికొచ్చారు.

"క్షేత్రస్థాయిలో సంభవించగల పరిస్థితిని కార్డు ముందుగా గ్రహించినట్టు భావించవచ్చు సార్."

"మంచిది. అయితే వెంటనే సరిచేయండి."

ధర్మారావు గారు అప్పటికే నీలం అట్టముక్క, జిగురుసీసా తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. అంటించబోతుంటే భానోజీ గారు బెత్తం అడ్డుపెట్టారు.

"ఆగండి. ఈ కార్డు అధికారిక రికార్డు అని మీ సర్క్యులర్లో ఉంది. చదివాను. రికార్డుని మీ ఇష్టం వచ్చినట్టు దిద్దడానికి వీల్లేదు. క్షేత్రస్థాయిలో మార్పు జరగాలి. జరిగినట్టు మీరు ధ్రువీకరించాలి. ఆ తరవాతే ఇక్కడ అంటించాలి. నా సర్వీసులో ఇంతవరకు ఒక్క దిద్దుబాటునీ ఆధారం లేకుండా ఒప్పుకోలేదు."

"ఎప్పటిలోగా సార్?" అన్నారు ధర్మారావు గారు, జిగురుసీసా మూత పెడుతూ.

"నా భోజనం అయ్యేలోగా."

ఆ మాటతో ధర్మారావు గారు హాల్లోంచి పరుగెత్తారు. ఆయన పరుగెత్తగలరని మాకు అప్పటిదాకా తెలియదు. గుమ్మం దగ్గర వీర్రాజు పానాతో సహా కూర్చునే ఉన్నాడు. "పద," అన్నారంతే. కార్డు లేకుండా వెలువడిన మొదటి ఉత్తర్వు అదే.

గెస్టుహౌసులో డైరెక్టరు గారికి బొమ్మిడాయిల పులుసు వడ్డిస్తుండగా అక్కడ పైపు తవ్వి తీశారు. ఆయన మజ్జిగలోకి వచ్చేసరికి కొత్త ముక్క బిగించేశారు. తాంబూలం వేసుకుని హాలుకి వచ్చి, ధ్రువీకరణ చూసి, ఆయనే తన చేత్తో నీలం ముక్క అంటించారు. అందరం చప్పట్లు కొట్టాం. హైమవతి కొట్టలేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి వీధికేసి చూస్తోంది.

ఆయన కారు కదిలి వెళ్ళగానే విచారణ మొదలైంది. పైపు ఎవరు కోశారో తేల్చడానికి ధర్మారావు గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. రాసుకునేవాడిగా నన్ను వేశారు. హైమవతిని పిలిపించారు. ఆ పూట ఆమె అన్నం డబ్బా తెరవలేదు. ఉద్యోగం పోతే ఇంటి సంగతేమిటని నన్ను రెండుసార్లు అడిగింది.

"పీచుమిల్లు వీధి నువ్వే చేశావా?" అన్నారు ధర్మారావు గారు.

"అవునండి."

"పైపు ఎలా తెగింది?"

"నేనే..." అంటూ మొదలుపెట్టింది.

"ఆగమ్మా, తొందరపడకు," అన్నారాయన. కాసేపు పేపరు వెయిటు తిప్పారు. ఆమె కోసిందని రాస్తే ఎందుకు కోసిందని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చేసిందని రాయాలి. అప్పుడు నిజం పైపు ఎప్పట్నించి పగిలి ఉంది, ఇన్నాళ్ళూ ఇంజినీరింగు వాళ్ళు ఏం చేస్తున్నారు అని ఇంకో కమిటీ వేస్తారు. ఇదంతా ఆయన ముఖంలో వరసగా నడిచి వెళ్ళడం నేను చూశాను. ఆయన నావైపు తిరిగారు.

"రాసుకోండి. కాగితపు పైపులో నీటి ఒత్తిడి సాధారణ స్థాయిని మించినందువలన, సదరు పైపు తనంతట తానే పగిలినట్టు కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది."

రాసుకున్నాను. కమిషనర్ గారు దాన్ని ఆమోదించి, ఇకపై కాగితపు పైపులు మరింత మందపాటి అట్టతో వేయాలని సూచించారు. భవిష్యత్తులో ఇలాంటి ప్రమాదాలు జరగకుండా కార్డుని కనిపెట్టుకుని ఉండటానికి హైమవతిని శాశ్వతంగా హాల్లోనే నియమించారు. తనిఖీలకి పట్టణం బదులు కార్డునే చూపవచ్చని పైనించి అనుమతి కూడా వచ్చింది.

మర్నాడు పదకొండింటికి రత్నమాణిక్యం గారు వచ్చింది. స్టీలు గిన్నెలో వేడి ఇడ్లీలు, ఒక చెంబుతో నీళ్ళు. హైమవతి తినేదాకా ఎదురుగా కూర్చుంది. చెంబు ఎత్తి తాగాక, "మంచినీళ్ళు మంచినీళ్ళలాగే ఉన్నాయండి పిన్నిగారూ," అని హైమవతి నవ్వింది.

ఆవిడ లేచి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, కార్డు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుంది.

"అమ్మాయ్. మా వీధి చివర దీపం వెలగట్లేదమ్మా, చవితి ముందర్నించి. వేరే ఎవరికి చెప్పినా కార్డు పంపుతున్నారు. భానోజీ గారో, ఇంకెవరో మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"వచ్చే వారం ఆయన పైఅధికారి వస్తున్నారటండి."

రత్నమాణిక్యం గారు గిన్నె మూత పెట్టుకుంటూ తలాడించింది.

హైమవతి డ్రాయరు లాగి కత్తెర తీసింది. "ఎన్నో స్తంభమండి?" అని అడిగింది.